దగ్గరికొస్తేనే తోట

బండిని చూడగానే ఆ సిపాయి రెండు అరచేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

"అమ్మో! జఖర్ అన్నా, ఇది యుద్ధానికి పంపే బండా, పెళ్ళికొడుకుని ఊరేగించే బండా?"

షెడ్డులో ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. ఒకప్పుడు ట్రాక్టర్లు పెట్టుకున్న షెడ్డు అది, ఇప్పుడు దానంగా వచ్చిన బండ్లను బాగుచేసి యుద్ధానికి పంపుతోంది. తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నాయి. సెప్టెంబరు ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి, పికప్ బండి బానెట్ మీద పడి, అక్కణ్ణించి ఎగిరి పైకప్పు రేకు మీద పెద్ద బిళ్ళలా వణుకుతోంది. బానెట్ నిండా ఎర్ర తోక పిట్ట. తలుపుల మీద ఎరుపు, పసుపు, నీలం పువ్వులు, వాటిని చుట్టుకుని తీగలు. అచ్చమైన పెత్రికివ్కా పని, మా వైపు గోడల మీదా గరిటెల మీదా వేసే పూలబొమ్మల తీరు. పిట్ట కన్ను కూడా తళతళలాడుతోంది.

జఖర్ మాత్రం నవ్వలేదు. షెడ్డుకు పెద్ద అతనే. ఇంగ్లండులో ఎవరో గొర్రెలు మేపుకునేవాడు ఇచ్చిన ఆ బండిని రెండు వారాలు పడుకోకుండా బాగుచేశాడు. మా దగ్గర ఎడమపక్క ఉండాల్సిన స్టీరింగు కుడిపక్కనే ఉండిపోయింది, గొర్రె వాసన కూడా పూర్తిగా పోలేదు. కానీ ఇంజను గడియారంలా నడుస్తోంది.

"నీకు తెలియదు. ద్నిప్రో నగరం నుంచి కళాకారిణి స్వయంగా వచ్చి వేశారు. పేపర్లో ఫోటో పడింది," అన్నాడు.

"పడుతుందన్నా. రెండో ఫోటో రష్యావాళ్ళ డ్రోను తీస్తుంది."

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి.

ఆ సిపాయిని దళంలో అందరూ హర్బూజ్ అంటారు. అంటే గుమ్మడికాయ. సంబంధం అడగడానికి వచ్చినవాడు నచ్చకపోతే పిల్ల వాడి చేతిలో గుమ్మడికాయ పెట్టి సాగనంపడం మా వైపు ఆచారం. ఇతనికి మూడు ఇళ్ళలో మూడు కాయలు దక్కాయి. ఆ సంగతి తనే చెప్పుకుని తనే నవ్వుతాడు. ఇప్పుడు మాత్రం వంగి, గోటితో బానెట్ మీద టకటకా కొట్టాడు.

"పువ్వుల మీద నాకేం కోపం లేదు. మా అమ్మ పొయ్యి గోడ మీద కూడా ఇవే. కానీ ఈ మెరుపేంటన్నా? అద్దం పట్టుకుని రారా రారా అని పిలిచినట్టుంది. అక్కడ మేం చేతి గడియారం కూడా మణికట్టు లోపలివైపుకి తిప్పి కట్టుకుంటాం."

జఖర్ మెడ ఎర్రబడింది. అతని చూపు షెడ్డంతా ఒకసారి తిరిగింది. తలుపు పక్కన పట్టు కండువాతో నిలబడిన ఆ కళాకారిణి నోన్నా మేడమ్ మీద ఒక క్షణం ఆగింది, అక్కణ్ణించి జారి, కిటికీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రంగు పడకుండా వ్యాను అద్దాలకు పాత పేపర్లు అంటిస్తున్న తమీలా మీద నిలిచింది.

"వార్నిష్ వేసింది తమీలా," అన్నాడు.

అందరూ ఆమె వైపు తిరిగారు. తమీలా పళ్ళ మధ్య టేపు ముక్క ఉంది.

వేసిన మాట నిజమే. ఆదివారం నాడు మూడు పూతలు వేసింది. డబ్బా తెచ్చి మూత తీసి ఇచ్చింది జఖర్. పక్కన నిలబడి వేయించింది నోన్నా. "మెరుస్తుందేమో మేడమ్," అని తమీలా అంటే, "మెరవాలనే కదా! వార్నిష్ లేని పెత్రికివ్కా తల దువ్వని పెళ్ళికూతురు," అంది. ఆ మాట ఈ చుట్టుపక్కల అందరూ అనేదే. పెట్టె అయినా పళ్ళెం అయినా చెక్క గరిటె అయినా, పువ్వు ఆరగానే చెయ్యి తనంతట తనే వార్నిష్ డబ్బా కోసం వెతుక్కుంటుంది. అమ్మమ్మల కాలం నుంచీ అంతే. బండికీ గరిటెకీ తేడా ఉందని ఆ రోజు ఎవరి చేతికీ గుర్తురాలేదు.

తమీలా నోన్నా వైపు చూసింది. నోన్నా కండువా ముడి సవరించుకుంది.

"నేను మెరుపు తక్కువదే చెప్పినట్టు గుర్తు," అంది.

జఖర్ బూటు ముందు పడి ఉన్న నట్టును శ్రద్ధగా చూస్తున్నాడు. తమీలా టేపును తెంపింది, అలవాటుగా చుట్ట కొసను వేలెడు మడిచింది, చుట్టను నేల మీద పెట్టింది.

హర్బూజ్ ముగ్గురి మొహాలూ వరసగా చూశాడు. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవాల్సినవాణ్ణి నేను, మీరెందుకు తడుముకుంటారు?" అని వాతావరణం తేలిక చెయ్యబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి టోపీ పెట్టుకున్నాడు. "ఎవరు వేస్తే నాకేం. శుక్రవారం మధ్యాహ్నం వస్తా. మెరుపు పోవాలి, ఆకాశం నుంచి చూస్తే బండి ఉన్నట్టు తెలియకూడదు. కాదంటే నా పాత డొక్కులోనే పోతా. దాని బ్రేకులు మంచి మూడ్‌లో ఉంటేనే పడతాయి, కానీ పాపం మెరవదు."

అతను వెళ్ళాక నోన్నా, "నా పిట్ట మీద రోలరు తిప్పేటట్టయితే కింద నా పేరు ఉంచకండి," అని చెప్పి పదకొండు గంటల బస్సు ఎక్కింది.

జఖర్ వచ్చి తమీలా పక్కన నిలబడ్డాడు. ఆమె మొహం చూడలేదు. వ్యాను టైరుతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"గీకెయ్. గీకేసి పచ్చ రంగు కొట్టెయ్. అది అయిపోయాక నువ్విక్కడికి రానక్కర్లేదు. బడిలో ఆడవాళ్ళు బండ్ల మీద కప్పే మరుగు వలలు అల్లుతున్నారు కదా, అక్కడ మనుషులు చాలట్లేదట."

వలలు అల్లడం చిన్న పనేం కాదు. తమీలా అత్తగారు ఫెదోరా అక్కడే కూర్చుని గుడ్డపీలికలు ముడివేస్తుంది. కానీ తమీలాకు ఈ షెడ్డు ఇష్టం. పదునాలుగు నెలలుగా అరవై ఒక్క బండ్ల అద్దాలకు కాగితాలు అంటించింది. ఏ బండి తలుపు ఎక్కడ సొట్టపోయిందో చేతితో తడిమి చెప్పగలదు. ఎప్పుడో ఒకనాడు ఎవరో ఒకరు, ఇదుగో తమీలా, ఈ కుంచె పట్టుకో అంటారని చూసింది. ఆ ఒకనాడు రాకముందే వెళ్ళిపొమ్మన్నారు.

ఇంటికి వచ్చేసరికి ఫెదోరా అరుగు మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుస్తోంది. ఎనభై ఒకటో ఏడు. ఎడమ కంటికి పొర వచ్చింది, కుడి కంటికి వస్తోంది. చెవులు మాత్రం కుర్రవి.

"అడుగు బరువుగా పడుతోంది. ఎవరితో గొడవ?"

"గొడవేం లేదు అత్తయ్యా."

"లేకపోవడమే గొడవన్నమాట. చెప్పు."

తమీలా చెప్పింది. ఫెదోరా గింజలు ఒలుస్తూనే విన్నది.

"మెరుస్తుందని నువ్వు ముందే చెప్పావా?"

"చెప్పాను."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

"ఒకసారి చెప్తే అది చెప్పడం కాదే, దగ్గడం."

తమీలాకు కోపం రావలసింది, నవ్వు వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి బోర్ష్, అంటే బీట్‌రూట్ చారు, వేడిచేసి, రెండు గిన్నెల్లో పోసి, మీద మీగడ వేసి అరుగు మీదికే తెచ్చింది. ఇద్దరూ తిన్నారు. ఎదురుగా కంచె మీద ద్రాక్ష తీగ, దాని వెనక బేరి చెట్టు, ఆ వెనక పొలం గట్టు మీద అకేసియా చెట్ల వరస. ఫెదోరా చెంచా గాల్లో ఆపి అటు చూసింది.

"ఈ పొర వచ్చాక ఒక తమాషా జరిగిందే. ఆకులు కనిపించడం మానేశాయి. మచ్చలు కనిపిస్తాయి. ఇక్కడొక నల్ల మచ్చ, అక్కడొక ఎండుగడ్డి రంగు మచ్చ. కంచె ఎక్కడ అయిపోయిందో చెట్టు ఎక్కడ మొదలైందో తెలియదు. దగ్గరికెళ్ళి ముక్కు ఆనిస్తే అప్పుడు తెలుస్తుంది, ఓహో ఇది ఆకు, ఇది ఈనె అని. నిన్న పొద్దున అట్లాగే మేకకు వంగి దండం పెట్టాను, పక్కింటి ఆవిడనుకుని."

"మేక ఏమంది?"

"ఆవిడకన్నా మర్యాదగానే పలకరించింది."

తమీలా నవ్వుతూ గిన్నె కింద పెట్టింది. పెట్టి, అట్లాగే ఆగిపోయింది. ఒక కన్ను మూసుకుంది. రెండో కన్ను సగం మూసి కంచె వైపు చూసింది. మచ్చలు. తెరిచి చూసింది. ఆకులు.

"మీ చిన్నప్పుడు పొయ్యి మీద బొమ్మలు దేంతో వేసేవాళ్ళు అత్తయ్యా?"

"మట్టితో, మసితో, గడ్డి దంచిన పసరుతో. కొన్న రంగులెక్కడివి? మెరిసేవేం కావు. పొగచూరిన గోడలో కలిసిపోయేవి. చలికి పొయ్యి దగ్గరికి జరిగి కూర్చుంటే, అప్పుడు కనిపించేది తోట."

తమీలా లేచింది. అల్మరాలోంచి కత్తెర తీసింది. అరుగు చివర ఎండలో పడుకున్న పిల్లి మూరా కత్తెర చప్పుడు వినగానే లేచి, బేరి చెట్టు పైకి పరుగెత్తింది. మంచి కుంచెకు పిల్లి వీపు మీది వెంట్రుకే కావాలి. ఆ సంగతి ఈ ఊరి పిల్లులన్నిటికీ తెలుసు.

"చేప తల చూపించు, దిగుతుంది," అంది ఫెదోరా. "సిగ్గులేనిది, ఏటా ఇట్లాగే మోసపోతుంది."

బుధవారం పొద్దున్నుంచీ తమీలా తలుపులు, బానెట్ గీకింది. గరుకు కాగితాన్ని నీళ్ళలో ముంచి, చిన్న చెక్కముక్కకు చుట్టి, గుండ్రంగా రుద్దింది. ముందు మెరుపు పోయింది. తరవాత పిట్ట తోక కరిగి ఎర్ర నీళ్ళుగా బంపరు మీదుగా కారింది. చివరికి పిట్ట కన్ను ఒక్కటే మిగిలింది. దాన్ని రుద్దేముందు ఒక క్షణం చెయ్యి ఆపింది. నోన్నా మీద ఎంత కోపం ఉన్నా ఆ కన్ను బాగా వేసిందని ఒప్పుకోవాలి. ఒప్పుకుని, రుద్దేసింది.

పదకొండు గంటలకు మెరుపు లేని పచ్చ రంగు రోలరుతో బండి అంతా పూసింది. అది ఆరాక మామూలుగా అయితే మగవాళ్ళు వచ్చి, ఒక అకేసియా కొమ్మ తెచ్చి తలుపుకు అడ్డం పట్టుకుని, మీద నల్ల రంగు చిమ్ముతారు. కొమ్మ తీస్తే దాని నీడ మిగులుతుంది. ఆ కొమ్మతోనే పది చోట్ల. అరవై ఒక్క బండ్ల మీద చూసింది తమీలా ఆ కొమ్మని. ఏ చెట్టుకైనా ఒకే కొమ్మ పదిసార్లు కాస్తుందా అని ఒకసారి అంది కూడా. దగ్గినట్టుగానే.

మూలన పాత డీజిల్ క్యాను ఒకటి ఉంది. దాన్ని బయటికి తీసుకెళ్ళి, తలుపు పక్క ఎండలో పీట వేసుకుని కూర్చుంది. షెడ్డు రంగులే నాలుగు చిన్న డబ్బాల్లో పోసుకుంది: పచ్చ, మట్టి, మసి, ఎండుగడ్డి. కుంచెను పచ్చలో ముంచి, మొనను మాత్రం మట్టి రంగులో అద్ది, క్యాను మీద ఆనించి నొక్కి తిప్పింది. ఒక్క విసురులో ఆకు. ఒక అంచు చీకటి, ఇంకో అంచు వెలుతురు. ఈ విద్య మా వైపు బడిలో అక్షరాలతో పాటు నేర్పుతారు. పువ్వుల జోలికి పోలేదు. గట్టు మీద పిలవకుండా పెరిగే వెడల్పాటి కలుపు ఆకు వేసింది, మాచిపత్రి వేసింది, ఎండిన మొక్కజొన్న ఆకు వంగి విరిగిన చోటుతో సహా వేసింది. ఆకు ఒకటి ఇంకోదానిలా లేకుండా చూసుకుంది.

వేశాక లేచి, క్యాను తీసుకెళ్ళి షెడ్డు వెనక కలుపు మొక్కల్లో పెట్టి వచ్చింది.

"జఖర్ అన్నా, ఒకసారి వస్తారా? డీజిల్ క్యాను కావాలి, అక్కడ మొక్కల్లో ఉంది."

"నువ్వు తెచ్చుకోలేవా?" అని గొణుగుతూనే జఖర్ వెళ్ళాడు. నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి అటూ ఇటూ చూశాడు. "ఎక్కడ? ఇక్కడేం లేదు."

"ఉంది, చూడండి."

"నా కళ్ళకేం పొర రాలేదు తమీలా. ఇక్కడ కలుపు తప్ప..." అంటూ రెండడుగులు వేశాడు. టంగుమని చప్పుడైంది. జఖర్ కాలు రెండు చేతులతో పట్టుకుని ఒంటికాలి మీద గెంతాడు. "అబ్బా! ఎవడు పెట్టాడిక్కడ దీన్ని!"

"నేనే," అంది తమీలా.

జఖర్ తిట్టడానికి నోరు తెరిచి, కింద చూశాడు. వంగాడు. క్యాను చేతిలోకి తీసుకుని మొహం దగ్గర పెట్టుకున్నాడు. ఆకు ఈనెను బొటనవేలితో తడిమాడు. తరవాత క్యానును మొక్కల్లో పెట్టి, కుంటుకుంటూ ఇరవై అడుగులు వెనక్కి నడిచి తిరిగి చూశాడు. మళ్ళీ దగ్గరికి వచ్చాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. నాలుగోసారికి కుంటడం మరిచిపోయాడు.

"పువ్వులు వెయ్యవు కదా?" అన్నాడు చివరికి, అనుమానంగా.

"వెయ్యను."

"వార్నిష్?"

తమీలా అతని మొహంలోకి చూసింది. జఖర్ చూపు తిప్పేసుకున్నాడు.

"రేపు సాయంత్రానికల్లా అయిపోవాలి," అన్నాడు. "లేకపోతే కొమ్మ పట్టి చిమ్మేస్తాం. తరవాత నువ్వు బడికి. అది మాత్రం మారదు."

"గుమ్మడికాయ ఏమంటాడో విని అప్పుడు మార్చండి, మార్చకండి," అంది తమీలా. ఆ మాట అంత గట్టిగా తన నోటినుంచి రావడం ఆమెకే వింతగా ఉంది.

గురువారం తెల్లవారేసరికి ఆమె బండి దగ్గర ఉంది. పెద్ద ఆకులకు పిల్లి కుంచె చాలదు. సున్నం కొట్టే పాత బ్రష్షును కోసి, మొనదేలేట్టు కత్తిరించుకుంది. పై కప్పు నుంచి మొదలుపెట్టింది, ఆకాశానికి ముందు కనిపించేది అదే కాబట్టి. నిచ్చెన ఎక్కి బోర్లా పడుకుని వేసింది. కప్పు మీద ఎండిన గడ్డి, చెట్టుకింది చిల్లుల నీడలు. అంచుల దగ్గర కొమ్మలు కప్పు మీంచి తలుపు మీదికి విరగకుండా దిగేట్టు చూసింది. బండికి మూలలు ఉంటాయి, చెట్టుకు ఉండవు. మూలలు ఎక్కడున్నాయో కంటికి చిక్కకుండా చెయ్యడమే పని. తొమ్మిదింటికి సైరను మోగింది. అందరూ నేలమాళిగలోకి దిగారు. ఇరవై నిమిషాలు అక్కడ కూర్చుని, ఆపిల్ ముక్కలు నములుతూ, తడి ఆరకుండా కుంచెను తడిగుడ్డలో చుట్టి పట్టుకుంది. సైరను ఆగగానే మళ్ళీ నిచ్చెన.

మధ్యాహ్నం ఫెదోరా వచ్చింది. పక్కింటాయన సైకిలుకు తగిలించిన కూరగాయల తోపుడు బండిలో, సంచుల మధ్య రాణిలా కూర్చుని వచ్చింది.

"వల దగ్గర నా ముడి ఎవరికీ నచ్చట్లేదు. ఇక్కడ ఏదైనా పనుంటే ఇవ్వు."

"కనిపించదు కదా అత్తయ్యా."

"కనిపించాలా? చెయ్యి తీసుకెళ్ళి పెట్టు."

తమీలా ఆమె చెయ్యి పట్టుకుని డ్రైవరు తలుపు పిడి కిందికి తీసుకెళ్ళింది. ఫెదోరా చూపుడు వేలు మట్టి రంగులో ముంచి, తడిమి, ఒక్కొక్కటిగా చుక్కలు పెట్టింది. కలీనా పండ్లు కుంచెతో వెయ్యరు, వేలితోనే వేస్తారు. ఎర్రగా ఉండాల్సిన పండ్లు ఎండిన నేల రంగులో గుత్తిగా పడ్డాయి. ప్రతి పండు మీదా వేలి ముద్ర గీతలు సన్నగా తేలాయి.

"ఎన్ని పెట్టాను?"

"పదకొండు."

"ఇంకొకటి పెట్టనియ్యి. గుత్తిలో జతలేని పండు ఉంటే దిష్టి."

అయిదు గంటలకు తమీలా నిచ్చెన దిగింది. మెడ తిరగడం లేదు. జఖర్ చేతులు తుడుచుకుంటూ వచ్చి బండి చుట్టూ తిరిగాడు. వెళ్ళేముందు బండి టైర్లకున్న కొత్త నలుపు చూసి, గుప్పెడు దుమ్ము తీసి స్వయంగా వాటికి పూశాడు.

శుక్రవారం హర్బూజ్ చెప్పిన దానికన్నా ముందే, పది గంటలకే వచ్చాడు.

"బండేది?"

"అకేసియాల దగ్గర పెట్టాను," అన్నాడు జఖర్. "వెళ్ళి తీసుకో."

పొలం గట్టు పొడుగునా ఉన్న చెట్ల వరసకేసి హర్బూజ్ చూశాడు. కళ్ళు చిట్లించాడు. "ఏ వైపు?"

"నన్నడుగుతావేం? సిపాయివి నువ్వు."

హర్బూజ్ నవ్వి, భుజం సంచిలోంచి చిన్న డ్రోను తీశాడు. అది కందిరీగలా లేచి చెట్ల వరస మీదికి పోయింది. అతను చేతిలో తెర చూస్తుంటే తమీలా పక్కన నిలబడింది. అరచేతులు ఏప్రానుకు తుడుచుకుంది. ఇతను ఇప్పుడు బండిని పట్టేస్తే షెడ్డుతో ఆమెకు ఇదే ఆఖరు. ఆమె బెంగ మాత్రం దానికన్నా పెద్దది. ఇతను పట్టగలిగితే, రేపు వాళ్ళూ పడతారు.

"ఆవు," అన్నాడు హర్బూజ్. "రెండో ఆవు. ఎవరో పెద్దావిడ, ఎర్ర తలగుడ్డ."

"మా అత్తయ్య. చూడ్డానికి వస్తానని పట్టుబట్టింది."

"ఇదుగో, ఇక్కడేదో మెరుస్తోంది!" తెర దగ్గరికి లాక్కున్నాడు. తమీలా కూడా తెర మీదికి వంగింది. హర్బూజ్ చూసి చూసి పక్కున నవ్వాడు. "జఖర్ అన్నా, టోపీ పెట్టుకో. మీవాళ్ళు నీ బుర్రకి కూడా వార్నిష్ వేశారా ఏంటి?"

జఖర్ గబగబా తల మీద చెయ్యి పెట్టుకున్నాడు. షెడ్డు తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళంతా విరగబడి నవ్వారు. ఆ నవ్వుల్లోనే, తల మీంచి చెయ్యి తియ్యకుండా, "బండికి వెయ్యమన్నది కూడా నేనేలే," అన్నాడు జఖర్. "డబ్బా నేనే తెచ్చా. మొన్న ఆ మాట చెప్పలేదు." గొంతు పెద్దగా ఏం లేదు. అయినా అందరికీ వినిపించింది. తమీలా తెర మీంచి కళ్ళు తియ్యలేదు, చెవులు మాత్రం వేడెక్కాయి.

డ్రోను మూడుసార్లు తిరిగింది. మూడోసారి తరవాత హర్బూజ్ దాన్ని దింపేశాడు. "ఓడిపోయాను. చూపించండి."

చెట్ల వరస వెంట నడిచారు. పదిహేను అడుగుల దూరంలోకి వచ్చాక హర్బూజ్ ఠక్కున ఆగాడు. నీడలోంచి ముందు ఒక అద్దం అంచు బయటికి వచ్చింది, తరవాత చక్రం, తరవాత మొత్తం బండి. అతను ఇంకా దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు ఆకులు కనిపించాయి. కలుపు ఆకు, మాచిపత్రి, విరిగిన మొక్కజొన్న ఆకు, దాని మీద పాకుతూ ఎవరూ వెయ్యమనని ఒక చిన్న పురుగు. తలుపు పిడి పట్టుకోబోయి, దాని కింద పన్నెండు పండ్ల గుత్తి చూసి చెయ్యి ఆపాడు. వంగి, తన చూపుడు వేలు ఒక పండు మీద ఆనించాడు. సరిపోయింది.

"పిన్నీ," అన్నాడు తమీలా వైపు తిరిగి. మనిషి మొదటిసారి వేళాకోళం లేకుండా ఉన్నాడు. అది అతనికే నచ్చలేదు కాబోలు, "ఇప్పుడు నాకొక్కటే భయం. రాత్రి లేచి వచ్చి నా బండి నాకే దొరక్కపోతే ఎట్లా?" అన్నాడు.

"తడుముకో నాయనా," అంది ఫెదోరా, ఆవుల వైపు నుంచి నడిచి వస్తూ. "పండ్లు చేతికి తగుల్తాయి. నేనూ అట్లాగే వేశాను." ఆమె పొట్టకు ఆనించి పట్టుకున్నది పెద్ద గుమ్మడికాయ. తెచ్చి అతని చేతుల్లో పెట్టింది.

హర్బూజ్ మొహం వేలాడేశాడు. "నాలుగోది! బామ్మా, నువ్వూ కాదంటున్నావా?"

"ఎనభై ఒకటి వచ్చాయి, ఇప్పుడు నాకు పెళ్ళేంట్రా? కాల్చుకుని తినండి, పదిమందికి వస్తుంది."

గొర్రె వాసన బండి గుమ్మడికాయతో సహా గట్టు దిగింది. మలుపు దాకా చప్పుడు వినిపించింది. బండి మాత్రం మలుపుకు చాలా ముందే కనిపించడం మానేసింది.

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి తమీలా ఫోను మోగింది. నోన్నా మేడమ్.

"తమీలా, ఆ బండి ఫోటో ఒకటి పంపు. ఎగ్జిబిషన్‌లో పెట్టాలి. మళ్ళీ వేశారట కదా, అయినా మొదలుపెట్టింది నేను కాబట్టి నా పేరు..."

పొద్దున చెట్ల వరస దగ్గర తీసిన ఫోటో తమీలా అప్పటికప్పుడు పంపింది.

"ఇందులో చెట్లే ఉన్నాయి. బండేది?"

"అందులోనే ఉంది మేడమ్."

"కనిపించట్లేదు."

"సరిగ్గా వేశామన్నమాట. పేర్లెవరివీ దాని మీద లేవు." తమీలా ఊపిరి తీసుకుంది. అరుగు మీది మాట గుర్తొచ్చింది. "ఇంకో మాట మేడమ్. వార్నిష్ వేస్తే మెరుస్తుందని ఆదివారమే చెప్పాను. ఒక్కసారి చెప్పి ఊరుకోవడం నా తప్పు. అందుకని ఇప్పుడు రెండోసారి చెబుతున్నాను. మెరవాలన్నది మీరు." అటునుంచి ఏదో మొదలయ్యేలోపు, "మీ పిట్ట కన్ను మాత్రం చాలా బావుంది. గీకడానికి చెయ్యి రాలేదు," అని చెప్పి ఫోను పెట్టేసింది. రెండు మాటలూ నిజాలే.

లోపల ఇంకో పికప్ వచ్చి ఉంది, తెల్లది, మంచుగడ్డలాంటిది. దాని పక్కన పీట మీద నాలుగు రంగు డబ్బాలు ఎవరో వరసగా పెట్టారు, ఒక్కోదాని మూతా తీసి. సున్నం బ్రష్షు కడిగి ఆరబెట్టి ఉంది. తమీలా ఏప్రాను ముడి బిగించుకుని నిచ్చెన జరుపుకుంది. బడి ప్రసక్తి ఆమె ఎత్తలేదు, ఎవరూ ఎత్తలేదు.

బండి అవతలి వైపునుంచి గొణుగుడు వినిపించింది. వంగి చూస్తే జఖర్. టోపీ పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో అద్దం మీద పాత పేపరు నొక్కిపట్టి, రెండో చేత్తో టేపు చుట్టను తిప్పి తిప్పి కొస కోసం గోటితో గీరుతున్నాడు.

"దీని కొస ఎక్కడ చచ్చింది?"

"చుట్ట పెట్టేముందు వేలెడు మడిచి పెట్టుకోవాలి జఖర్ అన్నా," అంది తమీలా. కుంచెను పచ్చలో ముంచి, మొనను మట్టి రంగులో అద్దింది.